కొట్టంలో ఎర్ర కారు

ప్రాణహిత ఊళ్లోకి వచ్చి గోడల మీద మట్టిగీత గీసిపోయిన పెద్ద వరద తర్వాత రెండో ఏడు అది. పొలాల అమావాస్య, ఎడ్ల పండగ. మధ్యాహ్నం వేళకు కొండయ్య ఎడ్లు రెండూ లస్మయ్య వాకిట్లో నిలబడి ఉన్నాయి.

నిలబడటమంటే ఊరికే నిలబడలేదు. కొట్టం వైపు మొఖాలు పెట్టి, అడ్డం ఉన్నదాన్ని ఎవరన్నా వచ్చి తీస్తారేమో అని కాచుకున్నట్టు నిలబడ్డాయి. కొమ్ములకు పూసిన రంగు ఇంకా పచ్చి ఆరలేదు. మెడల నిండా పూలు. వాటిలో ఒకటైన పుల్లోడి కొమ్ముకు తోరణం తాడు ముక్క ఒకటి మామిడాకులతో సహా చుట్టుకొని వచ్చింది.

కొట్టంలో, మొన్న ఎండాకాలం దాకా వాటిని కట్టేసిన చోట, ఎర్ర మారుతి కారు ఉంది.

లస్మయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. రెండో ఎద్దు మైలోడు వచ్చీ రాగానే ఆయన భుజానికి మూతి ఆనించింది. ఆయన దాని మీద చెయ్యి వెయ్యలేదు. పక్కింటి గోడ మీది నుంచి అప్పటికే తలలు లేచాయి.

వెంకటవ్వ పిండి చేతులతో బయటికి వచ్చింది.

"ఓయమ్మో! వీటిని ఎవలు తోలుకచ్చిండ్రే?"

"ఎవలు తోలలేదత్తా, అవే వచ్చినయ్" అంది కోడలు పోశక్క. "ఊరి ముందట తోరణం తెంపంగనే దాని కింద జమైన ఎడ్లన్ని ఎవలింటికి అవి పోయినయ్. ఇవి ఈడికచ్చినయ్."

"ఇది వాటి ఇల్లా ఇప్పుడు?"

"వాటికి ఎవలు చెప్పిండ్రత్తా, కాదని?"

వెంకటవ్వ మొగుడి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోటి నుంచి రావలసిన మాటలు సగానికి సగం ఆమే మాట్లాడింది. ఈ మాట మాత్రం ఎట్లా మాట్లాడాలో ఆమెకూ తోచలేదు.

మైలోడు నడిచి కుడితి గోలెం దగ్గరికి పోయింది. మూతి పెట్టింది. వెంటనే తలెత్తి గట్టిగా తుమ్మింది. గోలెంలో కుడితి లేదు. కొడుకు సమ్మయ్య కారు కడిగే సబ్బునీళ్లు ఉన్నాయి.

పోశక్క నవ్వబోయి, మామ మొఖం చూసి ఆపుకుంది.

కారు వెనక నుంచి సమ్మయ్య బయటికి వచ్చాడు. పండగని వేసుకున్న తెల్ల అంగీ, చేతిలో తుడిచే గుడ్డ. పొద్దున్నుంచీ తుడుస్తూనే ఉన్నాడు. తెల్లవారగానే కారు అద్దాలకు ఎర్ర కుచ్చులు కట్టి, "దీన్ని కూడ తోరణం కిందికి తీస్కపోత" అన్నాడు. "దానికి కొమ్ములున్నయారా? గిట్టలున్నయారా? తీస్కపోయి ఏడ నిలబెడుతవు, ఆవుదూడల్ల నిలబెడుతవా?" అని తల్లి లేచింది. ఆ లొల్లి అట్లా సగంలో ఆగి ఉండగానే ఎడ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డాయి.

"హేయ్, జరుగు!" అన్నాడు సమ్మయ్య.

పుల్లోడు జరగలేదు. కారు ముందు భాగాన్ని వాసన చూసింది. చూసి, పొడుగాటి నాలుకతో దాని మీద నాకింది.

"రంగు పోతదిరా! జరుగు!" సమ్మయ్య గుడ్డ ఎత్తాడు.

"పండగ పూట ఎద్దు మీద చెయ్యెత్తకు" అన్నాడు లస్మయ్య.

ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అది. సమ్మయ్య చెయ్యి దించాడు. కానీ ఆ మాట అతనికి వేరే చోట తగిలింది. ఎడ్లనమ్మి కారు కొన్ననాటి నుంచి, నాలుగైదు నెలలుగా, తండ్రి తనతో ఇంత పొడుగు మాట అనలేదు.

ఆ కారు చాందా పట్నంలో ఒక కట్టెల కంట్రాక్టరు కొడుకు వాడి విడిచిన కారు. పందేలలో తోలటానికి వాడు దాన్ని తన ఇష్టప్రకారం మార్పించుకున్నాడు. చక్రాలు వెడల్పువి వేయించాడు. పొగ గొట్టం మార్పించి పులి గుర్రుమన్నట్టు చప్పుడు వచ్చేటట్టు చేయించాడు. ఒళ్లంతా కిందికి దింపించాడు. ఆగి ఉంటే కూడా ఉరకటానికి వంగినట్టే ఉంటుంది. లారీ మీద క్లీనరుగా తిరిగి తిరిగి స్టీరింగు నేర్చుకున్న సమ్మయ్య దాన్ని చూసిన నాడే మనసు పారేసుకున్నాడు. చాందా తారు రోడ్డు మీద ఒకసారి తోలి చూశాడు. గాలిలో పోయినట్టుంది. తన ఊరికి తారు రోడ్డు లేదన్న సంగతి ఆ పూట అతనికి గుర్తు రాలేదు.

మొదటి రెండు నెలలు ఊరంతా కారు చుట్టే తిరిగింది. పెళ్లికూతుళ్లు ఎక్కారు. జ్వరం వచ్చినవాళ్లు ఎక్కారు. అహేరికి పోయి పగటి బువ్వకు తిరిగి వచ్చాడని వింతగా చెప్పుకున్నారు. తర్వాత వానలు మొదలైనాయి. జిమల్‌గట్ట నుంచి వస్తూ వస్తూ నల్లవాగు రాళ్ల మీద దాని కడుపు రాసుకుంది. కింద నూనె ఉండే తొట్టి పగిలింది. నూనె అంతా వాగు పాలైంది. పగులుకు సబ్బు ముద్ద అద్ది, గుడ్డ కుక్కి, ఎట్లనో ఇంటికి తెచ్చాడు. అప్పటి నుంచి అది కొట్టంలోనే ఉంది. రాత్రిపూట దాని మీద కోళ్లు పడుకుంటాయి. పొద్దున్నే సమ్మయ్య కడుగుతాడు.

వాకిట్లో అడుగుల చప్పుడైంది. కొండయ్య వచ్చాడు.

కొత్త ధోవతి, నుదుట కుంకుమ, చేతులు ఖాళీ. మూడిళ్ల అవతల ఉంటాడు. లస్మయ్యతో కలిసి పెరిగినవాడు. ఎండాకాలంలో ఎడ్ల జత కొన్నది అతనే. మొఖం మీద పండగ లేదు.

"రా మరిది, కూసో. మంచినీళ్లు తెమ్మంటనా?" అంది వెంకటవ్వ.

"నీళ్లు వద్దు వదినె. కూసునేటందుకు రాలేదు." కొండయ్య ఎడ్ల వైపు చూశాడు. "ఉన్నయా? ఉంటయ్. ఏడికి పోతయ్?"

"అవి నోరులేని జీవాలు కొండయ్యా. దారి అలవాటు…"

"దారి అలవాటైతే నాకు రంది లేదు వదినె. నా పెండ్లాం ఆగమ్మ హారతి పళ్లెం పట్టుకొని గడపల నిలబడ్డది. బెల్లం పోలెలు చేటల పెట్టుకొని నిలబడ్డది. ఊరంత చూడంగ నా ఎడ్లు నా గడప ముందటి నుంచి పోయినయ్. అది పిలుస్తనే ఉన్నది. తల తిప్పి సూత చూడలే. ఇంట్లకు పోయి పళ్లెం కింద పెట్టి ఏడుస్తంది. పండగ పూట ఎద్దు కాదన్న ఇల్లు అయ్యింది నాది."

వెంకటవ్వ చేతుల పిండిని కొంగుకు తుడుచుకుంది.

"ఒక మాట అడుగుత." కొండయ్య గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అది బరువుగా ఉంది. "నిన్న పొద్దుమీకి మెడలకు నెయ్యి రాద్దామని గిన్నె పట్టుకొని కొట్టంలకు పోయిన. పోయేసరికే వాటి మెడల మీద నెయ్యున్నది. పసుపున్నది. ఎవలో రాసిండ్రు. రాసినోడు చెవుల పిలుపు సూత పిలిచే ఉంటడు గద! 'ఇయ్యాల పిలుపు అందుకో, రేపు బువ్వకు రా' అని. నేను మళ్ల పిలిచిన. రెండోసారి పిలిచినోని ఇంటికి ఎందుకు వస్తయ్?"

అందరి చూపులూ అరుగు మీదికి పోయినాయి.

లస్మయ్య తన అరచేతులు చూసుకుంటున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది.

"అగో!" అంది వెంకటవ్వ. "నెయ్యి బుడ్డి ఖాళీ ఎట్లైందా అని నేను పిల్లిని తిట్టిన. చీపురు తిరగేసి కొట్టిన సూత. పాపం, దాని ఉసురు ఊరికే పోతదా?"

పక్కింటి గోడ మీద ఎవరో నవ్వారు. కొండయ్య నవ్వలేదు.

"నిన్నటిదొక్కటే కాదు వదినె. వానలు పడ్డప్పటి సంది చూస్తున్న. కంచె అవతల నుంచి రోజు గుప్పెడు తవుడు పెడుతడు. నేను చూడనట్టు పోతున్న. అన్న గద, మనసు ఊకోదు గద అని. కానీ గిట్ల పెడితే అవి నా ఇంట్ల ఎట్ల కుదురుతయ్? మడికట్ల నాగలి కట్టిన. సాలు మీద పోతున్నదల్లా ఈ ఇంటి దిక్కు తిరిగి నిలబడుతది మైలోడు. నేను ఎడ్లను కొన్ననా, అరువుకు తెచ్చుకున్ననా?"

లస్మయ్యకు అవన్నీ నిజమని తెలుసు. తవుడు పెట్టినప్పుడు, ఇది వాటికి మేలు అనే అనుకున్నాడు. పరాయి కొట్టంలో దిగులు పడతాయని పెట్టాడు. తన గుప్పెడు తవుడే వాటిని ఆ కొట్టంలో కాలు నిలవనియ్యలేదని ఇప్పుడు, ఇంతమందిలో, తెలిసింది.

"బాపు." సమ్మయ్య ముందుకు వచ్చాడు. "నిజమేనా?"

లస్మయ్య అరచేతులు మూసుకున్నాడు.

"అంటే మనసుల ఇంత పెట్టుకొని ఉన్నవా! మరి నాతోని ఎందుకు అనకపోతివి? అమ్ముదమా బాపు అని అడిగిన. మూడుసార్లు అడిగిన. గదే అరుగు మీద కూసోని తాడు పేనుకుంటున్నవ్. తల ఎత్తలే. వద్దురా అంటే ఆగకపోదునా? ఒక్క మాట! వద్దు అనేటందుకు ఎంత సేపు?"

"అయ్య మీద నోరు చేస్తవా?" అంది వెంకటవ్వ.

"నోరు చేస్తలేనవ్వా. నోరు తెరవమంటన్న."

లస్మయ్య కొడుకు వైపు చూశాడు. వద్దని ఎందుకు అనలేదో ఆయనకు తెలుసు. వీడు ఏడో తరగతిలో ఉండగా పాలేరు పని మానేసి పోయాడు. ఎడ్ల వెంట పోవటానికి మనిషి లేక, బడి నుంచి వీడిని దింపి చేతికి ములుగర్ర ఇచ్చింది తనే. అప్పుడు వీడు ఒక్కమాట అడ్డం చెప్పలేదు. పుస్తకాలు గూట్లో పెట్టి ఎడ్ల వెంట నడిచాడు. ఇన్నేళ్లకు వీడు ఒకటి కావాలని అడిగితే, వద్దనే నోరు తనకెక్కడిది? అదీ సంగతి. కానీ అంత మాట చెప్పటం ఆయనకు రాదు.

కొండయ్య అరుగు దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"లస్మన్నా. జంగు ఊళ్లనే ఉన్నడు, తెలుసు గద. అహేరి సంతకు ఎడ్లను జమ చేసుకుంట తిరుగుతున్నడు. రేపు తెల్లారంగ పోతడు. జత ఇస్తవా అని వారం సంది నా ఎంట పడ్డడు. చూద్దాం చూద్దాం అంటొచ్చిన. ఎందుకట్ల అన్న? నువ్వు అడుగుతవని."

లస్మయ్య తల ఎత్తాడు.

"అవునన్నా. నాట్లప్పటి సంది చూస్తున్న. ఇయ్యాల అడుగుతడు, రేపు అడుగుతడు అని. కంచె కాడికి వస్తవ్, తవుడు పెడుతవ్, పోతవ్. నన్ను చూసి తల తిప్పుకుంటవ్. నీ నోటితోని అడుగు. 'నా ఎడ్లు నాకియ్యి కొండయ్యా' అను. ఇప్పుడే ఈ గుంజకు కట్టి పోత. పైసల మాట నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు చూసుకుందాం. నాకు నీ పైసలు వద్దు, మాట కావాలె. ఊరందరి ముందట నా గడప కాదన్నయ్ గద! అవి నీయి అని ఊరందరి ముందట నువ్వు అనాలె."

ఎద్దు మెడలోని గజ్జెలు ఒకసారి మోగి ఆగిపోయాయి.

వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అనుండ్రి" అంది లోగొంతుతో. "అనుండ్రి, మీకు దండం పెడుత."

లస్మయ్య నోరు తెరిచాడు.

అప్పుడే ఆయన కళ్లు కొడుకు మీదికి పోయాయి. సమ్మయ్య కారుకు ఆనుకొని నిలబడ్డాడు. చేతిలో గుడ్డ నలుగుతోంది. గోడ మీది తలలన్నీ ఇప్పుడు ఎడ్లను కాదు, అతన్ని చూస్తున్నాయి. ఈ మాట అంటే ఎడ్లు వస్తాయి. కానీ వాటితో పాటు, కొడుకు కొన్నది తప్పని తండ్రి ఊరందరి ముందు చెప్పినట్టు అవుతుంది. రేపటి నుంచి సిరొంచ బస్సు దగ్గర నిలబడిన ప్రతివాడూ అదే అంటాడు. ఎడ్లనమ్మి ఇనుము కొన్నడు, అయ్య మళ్ల ఎడ్లను అడుక్కున్నడు అని.

తెరిచిన నోరు మూతపడింది.

కొండయ్య భుజం మీది తువ్వాలు తీసి మొఖం తుడుచుకున్నాడు.

"సరే అన్నా. నీ ఇష్టం."

"బువ్వ తినే పోనియ్యి కొండయ్యా" అంది వెంకటవ్వ. "పిలిచినంక తినకుంట పంపద్దు."

"తిననీ వదినె. పిలిచినోని ఇంట్ల తినే పోనీ. అంత పాపం నాకు వద్దు."

పోశక్క చేటలో పోలెలు తెచ్చింది. లస్మయ్య అరుగు దిగాడు. ఒక్కొక్క పోలె మడిచి మైలోడి నోటికి అందించాడు. తర్వాత పుల్లోడికి. మైలోడు తిని, ఆయన మణికట్టు దాకా నాకింది. అరచేతిలో అంటిన బెల్లం అంతా పోయినా నాకుతూనే ఉంది.

చేట ఖాళీ అయింది. ఆయన రెండు ఎడ్ల పగ్గాలు కలిపి పట్టుకున్నాడు. కొండయ్య దగ్గరికి నడిచాడు. పగ్గాలు అతని చేతిలో పెట్టాడు.

అదే ఆయన జవాబు.

"అయ్యో, ఏం మనిషివయ్యా నువ్వు" అంది వెంకటవ్వ. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఎడ్లు వాకిలి దాటటానికి ఇష్టపడలేదు. కొండయ్య లాగితే కాలు పెట్టలేదు. చివరికి లస్మయ్యే వెనక నిలబడి, నడుము మీద చెయ్యి వేసి నడిపించాడు. అప్పుడు నడిచాయి.

*

పొద్దు వాలుతోంది. ఊళ్లో డప్పుల చప్పుడు ఇంకా ఉంది. ఆ ఇంట్లో మాత్రం గిన్నెల చప్పుడు కూడా లేదు.

లస్మయ్య కొట్టంలోకి వచ్చాడు. ఎందుకు వచ్చాడో ఆయనకే తెలియదు. ఈ వేళకు గడ్డి వెయ్యటం అలవాటు. కాళ్లు తీసుకొచ్చాయి.

కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. సమ్మయ్య వెల్లకిలా పడుకొని కింద ఏదో చేస్తున్నాడు. తెల్ల అంగీ విప్పి గుంజకు తగిలించాడు.

"బాపు, నువ్వేనా?"

"ఊఁ."

"ఆ సబ్బు ముక్క ఇటియ్యి."

లస్మయ్య వంగి సబ్బు అందించాడు. కారు నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, కొడుకు చెయ్యి పట్టటమే కష్టంగా ఉంది. దాన్ని ఒక పక్కన రాళ్ల మీదికి ఎక్కించాడు గాబట్టి ఆ మాత్రం సందు దొరికింది.

"పాత సబ్బంత కరిగిపోయింది" అన్నాడు సమ్మయ్య కింద నుంచి. "కొత్తది మెత్తుతున్న. నూనె సూత పోసిన. రేపు సిరొంచకు తీస్కపోత. కొనేటోడు ఎవడన్న దొరుకుతడేమో అడుగుత."

లస్మయ్య గడ్డి గాడి అంచు మీద కూర్చున్నాడు. గాడిలో గడ్డి లేదు. పెట్రోలు డబ్బా, ఒక పాత టైరు ఉన్నాయి.

కొంతసేపటికి సమ్మయ్య బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. మొఖమంతా నల్లగా ఉంది.

"దీంట్ల ఒక్కసారన్న కూసున్నవా బాపు నువ్వు?"

లస్మయ్య పాత టైరు మీది దుమ్మును వేలితో గీశాడు.

"అవ్వ కూసున్నది. భయపడుకుంట కూసున్నది గానీ కూసున్నది. పోశక్క కూసున్నది. ఊళ్లె కూసోనోడు లేడు. నువ్వు చెయ్యి సూత పెట్టలే." అతను గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "నాకు ఎడ్ల మీద పగ ఉన్నదనుకున్నవా? వాటి తోకలు పట్టుకొనే పెద్దగైతిని. మైలోడు నా చేతుల మీద పుట్టింది. కాని ఇన్నేండ్లు వాటెంట నడిచిన బాపు. అవెంత నడిస్తె నేనంత. ఒక్కసారి జోరుగ పోయి చూద్దామనిపించింది. గంతే."

లస్మయ్య కొడుకు మొఖం వైపు చూశాడు. బడి మాన్పించింది నేనే కొడకా, నీ తప్పేం లేదు, అందామనుకున్నాడు. అనటానికి పెదవులు తడుపుకున్నాడు కూడా.

"మామా, బువ్వకు రాండ్రి" అని పోశక్క గుమ్మంలోంచి పిలిచింది.

మాట అక్కడే ఉండిపోయింది.

లేచి పోబోతూ ఆయన కారు అద్దంలోంచి లోపలికి చూశాడు. ముందు చిన్న అద్దానికి ఇత్తడి గంట ఒకటి వేలాడుతోంది. మైలోడిది. ఎడ్లను తోలుకుపోయిన నాడు మెడలో లేదేమని కొండయ్య అడిగితే ఎక్కడో పడిపోయి ఉంటుందన్నారు. సమ్మయ్య దాన్ని విప్పి దాచుకున్నాడన్న సంగతి ఆయనకు ఆ పూటే తెలిసింది.

*

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పోలెలు ముట్టలేదు.

తెల్లవారకముందే లస్మయ్య లేచాడు. అటక మీద చెయ్యి పెట్టి కొత్త ముకుతాళ్లు రెండు తీశాడు. ప్రతి ఏడూ ఈ పండగకు పేనుతాడు. ఈసారి ఎడ్లు లేవని తెలిసి కూడా పేనాడు. పేని, ఎవరికీ కనబడకుండా పైన దాచాడు. ఇప్పుడు వాటిని భుజాన వేసుకొని కొండయ్య ఇంటికి నడిచాడు. దారి పొడుగునా ఒక్కటే మాట లోపల అనుకుంటూ పోయాడు.

కొండయ్య కొట్టం ఖాళీగా ఉంది. పేడ ఇంకా వెచ్చగా ఆవిర్లు కక్కుతోంది.

ఆగమ్మ వాకిలి ఊడుస్తోంది. ఏడ్చిన కళ్లు. ఆయనను చూసి చీపురు ఆపింది.

"పోయినయ్ బావా. కోడి కూయంగనే జంగు వచ్చిండు. మా ఆయన సూత వాగు దాక సాగనంపుతనని వాటెంటనే పోయిండు." ఆయన భుజం మీది తాళ్లు చూసింది. "నిన్న వచ్చుంటే అయిపోతుండె గద బావా."

ఆయన తల ఊపాడు. నిన్న వచ్చుంటే. నాట్లప్పుడు వచ్చుంటే. ఎండాకాలంలో, ఆ అరుగు మీద, తాడు పక్కన పెట్టి తల ఎత్తి ఉంటే.

వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. నేరుగా కొట్టంలోకి పోయాడు. కారు మీది కోళ్లను చేత్తో అదిలించాడు. తలుపు ఎట్లా తెరుచుకుంటుందో ఆయనకు తెలియదు. కొడుకు చేసేది దూరం నుంచి చూశాడు గాబట్టి పిడి కింద వేళ్లు పెట్టి లాగాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది.

వంగి, తల కాసుకొని, లోపల కూర్చున్నాడు. నేల మీద కూర్చున్నట్టే ఉంది. ముకుతాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. కొడుకును ఏమని పిలవాలో తోచలేదు. చెయ్యి చాపి ఇత్తడి గంటను ఊపాడు.

సమ్మయ్య మంచం మీది నుంచి దిగ్గున లేచాడు. "అవ్వా! ఎడ్లు మళ్లొచ్చినయే!" అంటూ కొట్టంలోకి ఉరికి వచ్చాడు. వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

"బాపు?"

"నల్లవాగు దాటకముందే అందాలె" అన్నాడు లస్మయ్య.

కొడుకుకు అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. తండ్రి ఒళ్లోని తాళ్లు చూశాడు. మెల్లగా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"వాగు దాటితే మనం పోలేం బాపు. ఆ రాళ్ల మీద ఇది పోదు."

"ఎరుకే."

"ఈ సబ్బు సూత ఆగుతదో ఆగదో. ఎండనే లేదు."

"ఊఁ."

పోశక్క దీపం పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. వెనకే వెంకటవ్వ. కారులో మొగుణ్ని చూసి వెంకటవ్వ గుంజ పట్టుకొని నిలబడింది. పోశక్కే అడిగింది.

"జంగు కొన్నంక ఊకనే ఇస్తడా మామా? ఏమిచ్చి తెస్తరు?"

సమ్మయ్య అరచెయ్యి స్టీరింగు మీద, ఎద్దు మెడ నిమిరినట్టు, ఒకసారి ఇటు నుంచి అటు పోయింది. అది లస్మయ్య చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు.

కారు గుర్రుమంది. కొట్టం రేకులు అదిరాయి. ఊరి కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. ఎర్ర కారు వాకిలి దాటి, బండ్లబాట ఎక్కి, రెండు చక్రాల జాడల నడుమ ఎత్తుగా ఉన్న మట్టికి కడుపు రాసుకుంటూ కదిలింది. సమ్మయ్య జాగ్రత్తగా, మెల్లగా తోలుతున్నాడు. కింద ఏదో గీసుకున్నప్పుడల్లా పళ్లు బిగపట్టుకుంటున్నాడు.

ఎడ్లు నడిచినంతే నడిచిన మనిషి లస్మయ్య. ఆయన ఒక చేత్తో తలుపు పట్టుకున్నాడు.

"జర జోరుగ పోనియ్యి కొడకా" అన్నాడు.

సమ్మయ్య తండ్రి మొఖం చూశాడు. తర్వాత కాలు నొక్కాడు. చెట్లు వెనక్కి ఉరికాయి. ముందు అద్దం కింద మైలోడి గంట ఆగకుండా మోగుతోంది. ఆ చప్పుడులో లస్మయ్య పెదవులు కదులుతున్నాయి. నిన్న వాకిట్లో నోటి దాకా వచ్చి ఆగిన మాటనే, ఎవరికీ వినబడకుండా, మళ్లీ మళ్లీ అని చూసుకుంటున్నాడు.

నల్లవాగు మలుపు కనబడేసరికి వెనక, బాట మీద, సన్నటి నూనె గీత మొదలైంది.